తన త్రోవ తానెంచుకొను విద్య

కొన్నేళ్ల క్రిందట మా స్టూడియోకు రికార్డింగు కొరకు ఒక గాయకుడు వచ్చినారు. వారికి చూపు లేదు. చేయి పట్టుకొని తీసికొని వచ్చిన తమ్ముడు ప్రక్కనే కూర్చున్నాడు. గంటసేపు పాట సాగినది. మేము అద్దం వెనుక కూర్చుండి ఆ గొంతులోని ప్రతి మెలికను శ్రద్ధగా విన్నాము. పని ముగిసి కాఫీ వచ్చిన వేళ నేను ఆ తమ్ముని వైపు తిరిగి, “అన్నగారు చక్కెర వేసుకుంటారా?” అని అడిగినాను. తమ్ముడు నోరు విప్పకముందే గాయకుడు చిరునవ్వుతో, “ఒక చెంచా చాలునండీ. ఇంతసేపూ పాడినది నేనే కదా, ఈ మాట కూడ నన్నే అడగవచ్చును” అన్నారు.

ఆ సిగ్గు నన్ను చాలకాలం వదలలేదు. తరువాత తెలిసినదేమనగా, ఇంగ్లండులో బి.బి.సి. వారు వికలాంగుల విషయాలను గూర్చి 1977 మొదలు 1998 వరకు నడిపిన రేడియో కార్యక్రమానికి సరిగా ఈ ప్రశ్ననే పేరుగా పెట్టినారట: ‘ఆయన చక్కెర వేసుకుంటారా?’ నా పొరపాటు నా ఒక్కడిది కాదని కొంత ఊరట కలిగినది. ఒక కార్యక్రమానికి పేరు కాదగినంత ప్రసిద్ధమైన పొరపాటును నేను చేసితినే యని రెండవమారు సిగ్గుపడినాను.

చూపు లేనివారిని గూర్చి ప్రక్కవారిని అడుగుట, వారి కొరకు ప్రక్కవారే నిశ్చయించుట కాఫీతో ఆగే అలవాటు కాదు. చదువు, వృత్తి, రాకపోకలు, పెళ్లి దాకా పోతుంది. దీనికి విరుగుడుగా నేడు కొన్ని దేశాలలో అంధ విద్యార్థులకు ‘స్వయంనిర్ణయం’ అనే విద్యను ప్రత్యేకించి బోధిస్తున్నారు. తనకేమి కావలెనో తెలిసికొనుట, దానిని జంకు లేకుండా చెప్పుట, అక్కరలేని సాయాన్ని మర్యాదగా వద్దనుట, తన నిర్ణయం బెడిసినప్పుడు దాని ఫలితాన్ని తానే మోయుట అందులోని పాఠాలు. పేరు ఇటీవలిదే గాని విద్య చాల పాతది. దానిని మొదట నేర్పినవారు ఉపాధ్యాయులు కారు. విద్యార్థులే, ఒక్కొక్కప్పుడు ఉపాధ్యాయుల కన్నుగప్పి, నేర్చుకొన్నారు. ఆ కథకు మొదటి రంగం పారిస్ నగరం.

1771లో ఆ నగరపు సెయింట్ ఓవీడ్ సంతలో ఒక వినోదం జరిగినది. అంధుల ఆశ్రమానికి చెందిన కొందరిని పొడవు టోపీలతో, అట్ట కళ్లజోళ్లతో అలంకరించి, ఎదుట సంగీతపు కాగితాలుంచి, చేతికి వాయిద్యాలిచ్చి అపస్వరాలు వాయింపజేసినారు. జనం విరగబడి నవ్వినారు. ఆ గుంపులో నవ్వు రాని మనిషి ఒకడుండినాడు. పేరు వాలంతాన్ అయూయి, వయసు 25 సంవత్సరాలు. చూపు లేనివారి ఎదుట ఉంచిన ఆ ఉత్తుత్తి కాగితాలను నిజమైన పుస్తకాలుగా మార్చవలెనని ఆయనకు ఆనాడే తోచినదట.

తోచుటకు, చేయుటకు నడుమ 13 ఏండ్లు గడచినవి. 1784లో ఒక చర్చి గుమ్మం వద్ద బిచ్చమెత్తుకొంటున్న లెసుయర్ అనే 17 ఏండ్ల అంధ యువకుని అయూయి చేరదీసి, చదువు చెప్పెదనన్నాడు. బిచ్చం మానితే ఇల్లు గడవదని ఆ కుర్రవాడు చెప్పగా, పోయిన రాబడికి బదులుగా తానే డబ్బిచ్చి పాఠాలు మొదలుపెట్టినాడు. నాకీ ఘట్టం మిక్కిలి ఇష్టం. ప్రపంచంలో మొదటిదని చెప్పదగిన అంధ పాఠశాల, చదువుకొనే విద్యార్థి తన షరతు తాను చెప్పగా, గురువు దానిని ఒప్పుకొనుటతో మొదలైనది. 1785లో బడి తెరచినారు. మందమైన తడి కాగితంపై అచ్చు అక్షరాలను ఉబ్బెత్తుగా నొక్కి పుస్తకాలు తయారుచేసినారు. 1786లో అయూయి తన బోధనా పద్ధతిని వివరించిన గ్రంథాన్ని బడిపిల్లలే అచ్చువేసినారు.

ఆ ఉబ్బెత్తు అక్షరాలలో ఒక లోపం దాగియున్నది. అవి కంటి కొరకు పుట్టిన అక్షరాలు. కన్ను ఒక్క చూపున గుర్తించే వంపులను, గీతలను వ్రేలు తడవి తడవి గుర్తించవలెను. మాట చివరకు వచ్చేసరికి దాని మొదలు మరపునకు వచ్చేది. పుస్తకాలు ఎత్తలేనంత బరువు. అంతకన్న ముఖ్యమైన సంగతి, వాటిని చదువవచ్చునే గాని అదే విధంగా వ్రాయుట పిల్లలకు సాధ్యం కాదు. ఇతరులు అచ్చువేసి ఇచ్చినదే చదువు. తన మాటను తాను కాగితంపై పెట్టి, మరునాడు తిరిగి చదువుకొనే వీలు లేదు. గురువు చదివి సరిచూడగలడు, దాత వచ్చి చూసి సంతోషించగలడు. పుస్తకం చూపున్నవారికి అనుకూలంగా ఉన్నది, దానిని చదువవలసినవారు మాత్రం చూపు లేనివారు.

ఆ బడికి 1819 ఫిబ్రవరిలో లూయీ బ్రెయిల్ అనే 10 ఏండ్ల పిల్లవాడు వచ్చినాడు. ఊరు కూవ్రే, పారిస్‌కు తూర్పున ఒక పల్లె. తండ్రి గుర్రపు జీనులు, పట్టెడలు కుట్టే పనివాడు. మూడేండ్ల వయసులో తండ్రి పనిముట్టుతో ఆడుకొంటుండగా కంటికి గాయమైనది. ఆ కంటి చీము రెండవ కంటికి సోకి, అయిదేండ్లు వచ్చేసరికి వెలుగు పూర్తిగా పోయినది. ఈ కథ చాలమందికి తెలిసినదే. తరచుగా చెప్పని భాగం మరొకటున్నది. ఆ తండ్రి కొడుకును మూల కూర్చుండబెట్టలేదు. కర్రపై మేకులు అక్షరాల ఆకారంలో కొట్టి తడవి తెలిసికొమ్మన్నాడు. ఊరి బడికి తోటి పిల్లలతో పంపినాడు. పల్లె పనివాని ఇంట స్వయంనిర్ణయ విద్యకు ఓనమాలు ఆ విధంగా పడినవి.

పారిస్ బడి మాత్రం వేరొక లోకం. పాతబడిన మతశాల భవనం, గోడలకు చెమ్మ. గంట మ్రోగితే లేచుట, గంట మ్రోగితే తినుట. పిల్లలను షికారుకు తీసికొని పోవునప్పుడు అందరినీ ఒక పొడవు తాడు పట్టించి వరుసగా నడిపించేవారట. ఈ తాడును జ్ఞాపకముంచుకొనవలెనని శ్రోతలకు మనవి. దీనితో మనకు మళ్లీ పనియున్నది.

1821లో ఆ బడికి చార్లెస్ బార్బియే అనే మాజీ సేనాధికారి తన చుక్కల వ్రాతను తెచ్చి చూపినాడు. దబ్బనం వంటి మొనతో కాగితాన్ని పొడిచి, ఎత్తైన చుక్కలను వ్రేలితో చదువుట దాని పద్ధతి. నిలువుగా రెండు వరుసలు, వరుసకు ఆరేసి చుక్కల వరకు. ఈ చుక్కలు అక్షరాలను గాక ధ్వనులను తెలుపుతవి. వర్ణక్రమం, విరామ చిహ్నాలు, అంకెలు అందులో లేవు. పేదవారికి, చూపు లేనివారికి వ్రాత సులువుగా అలవడవలెనని బార్బియే ఉద్దేశం. వారికి అక్షరదోషాలు లేని వ్రాత అంతగా అక్కరలేదని ఆయన తలచినాడు. ఉద్దేశం దయతో కూడినదే. అయితే ‘వారికి ఇంత చాలును’ అనే మాట ఆ దయలోనే ఇమిడియున్నది.

పిల్లలకు చుక్కలు నచ్చినవి, కొరత కూడ తెలిసినది. 12 చుక్కల గడి వ్రేలికొన క్రింద ఒక్క పట్టున ఇమడదు. లూయీ దానిని సగానికి తగ్గించి ఆరు చుక్కలు చేసినాడు. నిలువున మూడు, అడ్డంగా రెండు. వ్రేలిని కదపకుండానే మొత్తం ఆకారం తెలియును. ఆరు చుక్కల నుండి 63 ఆకారాలు పుడుతవి. అక్షరాలకు, స్వరచిహ్నాలకు, అంకెలకు, విరామాలకు, సంగీతానికి కూడ అవి చాలును. సెలవులలోను, నిద్రపోవలసిన వేళలలోను కూర్చుండి దీనిని దాదాపు పూర్తిచేసేసరికి, 1824లో, అతని వయసు 15 సంవత్సరాలు. ఇతరులకు ఎంత చదువు చాలునో బార్బియే నిశ్చయించినాడు. తనకు చదువంతా కావలెనని ఈ కుర్రవాడు నిశ్చయించుకొన్నాడు. 1829లో ఆ పద్ధతి పుస్తకంగా వెలువడినది. దానిలో బార్బియేకు తానెంత ఋణపడియున్నాడో బ్రెయిల్ స్వయంగా చెప్పుకొన్నాడు.

అప్పటి బడి అధ్యక్షుడు పీనియే అడ్డుచెప్పలేదు. పిల్లలు పాఠాలను చుక్కలలో వ్రాసికొన్నారు. బ్రెయిల్ ఆ బడిలోనే ఉపాధ్యాయుడైనాడు, చర్చిలో ఆర్గాన్ వాయించినాడు. 1840లో పీనియే పదవి పోయి, సహాయకుడైన ద్యూఫో అధ్యక్షుడైనాడు. క్రొత్త అధ్యక్షుడు బడిలో చుక్కల వ్రాతను నిషేధించి, బ్రిటనులోను అమెరికాలోను వాడుకలోనున్న ఉబ్బెత్తు అచ్చును తెప్పించినాడు.

ద్యూఫోను దుష్టునిగా చిత్రించుట సులభం. నేను ఆ పని చేయను. ఆయన వాదంలో ఆలోచింపదగిన భాగమున్నది. చూపున్నవారికి అంతుపట్టని లిపిని నేర్పితే అంధులు లోకానికి మరింత దూరమవుతారని ఆయన భయం. తల్లికి ఉత్తరం వ్రాస్తే తల్లి చదువలేదు గదా! ఈ భయానికి జవాబును బ్రెయిల్ అంతకు ముందే సిద్ధం చేసియుంచినాడు. 1839లో ఆయన చుక్కలతోనే మామూలు రోమను అక్షరాల రూపాన్ని కట్టే మరొక పద్ధతిని ప్రకటించినాడు. అది కంటితో చదువదగిన వ్రాత. ఆ బడి పూర్వవిద్యార్థి, అంధుడే అయిన ఫూకో దానికొక యంత్రాన్ని కల్పించగా, పిల్లలు ఇంటికి తమ చేతితో జాబులు వ్రాసే వీలు కలిగినది. తనకొక లిపి, లోకానికొక లిపి. ఏ వేళ ఏది వాడవలెనో తేల్చుకొనవలసినది వ్రాసేవాడే. ద్యూఫోకు తట్టనిది ఈ మూడవ మాట.

నిషేధం పిల్లల వ్రేళ్లను ఆపలేకపోయినది. రహస్యంగా వ్రాసికొన్నారు, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు నేర్పినారు. చేతికి దొరికిన మొనగల వస్తువే కలమైనది. ఇందులో శిక్షాభయమున్నది, అయినా మానలేదు. ఒక్కమారు తన నోటుపుస్తకాన్ని తాను వ్రాసి తాను చదువుకొన్నవానికి ‘ఇకమీదట ఇతరులు అచ్చువేసినదే చదువు’మనుట ఎంత కష్టమో ఊహించవచ్చును. బడి పాఠ్యక్రమంలో లేని పాఠమిది. ఆ పిల్లలు నాలుగేండ్లు పొల్లుపోకుండా చదివినారు.

ఆ బడిలోనే ద్యూఫోకు సహాయకుడైన గ్వాదే ఇది గమనించినాడు, తన అధికారి మనసు మార్చుటకు శ్రమించినాడు. 1844 ఫిబ్రవరి 22న క్రొత్త భవనపు ప్రారంభోత్సవంలో, నగర ప్రముఖుల ఎదుట, ఒక ప్రదర్శన జరిగినది. ఒక విద్యార్థిని బయటికి పంపి, సభలోని వారు చెప్పిన పద్యాన్ని మరొక విద్యార్థి చేత చుక్కలలో వ్రాయించినారు. బయటివానిని లోపలికి పిలిచి కాగితం చేతికిచ్చినారు. అతడు వ్రేలు నడుపుతూ గడగడ చదివినాడు. ఆ సభతో నిషేధం ముగిసినదనే చెప్పవచ్చును. 1852 జనవరి 6న, తన 43వ పుట్టినరోజు గడచిన రెండవనాడు, బ్రెయిల్ క్షయవ్యాధితో మరణించినాడు. ఫ్రాన్సు ప్రభుత్వం అధికారికంగా ఆ లిపిని అంగీకరించినది 1854లో. 1878లో పారిస్‌లో కూడిన అంతర్జాతీయ సభ దానిని ఇతర దేశాలకు సిఫార్సు చేసినది.

అమెరికాలో మాత్రం ఈ తగవు మరి 40 ఏండ్లు సాగినది. ఒక బడిలో ఒక చుక్కల పద్ధతి, ఇంకొక బడిలో వేరొకటి. ఒక ఊరిలో చదివిన పిల్లవాడు మరొక ఊరి పుస్తకాన్ని చదువలేడు. 1909లో న్యూయార్కు విద్యామండలి ఎదుట జరిగిన విచారణలో హెలెన్ కెల్లర్ ఉత్తరం ద్వారా బ్రెయిల్ పక్షం వహించినది. ఆ వివరాలలోనికి నేను పోను. పండితులు తమ తమ పద్ధతుల ఘనతను గూర్చి వ్రాసికొన్న వ్యాసాల కుప్ప అది. చదువవలసినవారిని అడుగుట అందరికీ చివరకు జ్ఞాపకం వచ్చిన పని.

వ్రాత చేతికి వచ్చినది. నడక ఇంకా రాలేదు. పారిస్ పిల్లలు పట్టుకొన్న తాడు నూరేండ్ల తరువాత కూడ వేరు వేరు రూపాలలో ఉండినది. అన్న చేయి, అక్క భుజం, ఉపాధ్యాయుని మోచేయి. చేతికర్ర లేకపోలేదు గాని, పొట్టిది, ఊతకు పనికివచ్చేది. 1921లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో చూపు పోగొట్టుకొన్న జేమ్స్ బిగ్స్ అనే ఫోటోగ్రాఫరు, మోటారు బండ్ల భయంతో తన కర్రకు తెల్లరంగు వేసికొన్నాడు. 1931లో పారిస్‌లో ఒక ఉదారురాలు అంధులకు తెల్ల కర్రలు పంచే ఉద్యమం లేవదీసినది. చాల మంచి పనులు. ఒక్క సంగతి గమనించవలెను. తెల్లరంగు కర్ర పట్టుకొన్నవాని కొరకు కాదు, బండి తోలేవాని కొరకు. ‘ఇతనికి కనబడదు, మీరే జాగ్రత్త పడండి’ అని కర్ర లోకంతో చెబుతున్నది. పట్టుకొన్న చేతితో అది ఏమీ చెప్పుట లేదు.

చేతితో మాట్లాడే కర్ర రెండవ ప్రపంచయుద్ధంలో పుట్టినది. యుద్ధంలో చూపు పోయిన యువకులు అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రపు వ్యాలీ ఫోర్జ్ సైనికాసుపత్రికి వందలుగా వచ్చినారు. నిన్నటిదాకా యుద్ధరంగంలో నిలిచినవారికి నేడు మరుగుదొడ్డికి పోవుటకు మరొకరి చేయి కావలసివచ్చినది. అంతకు ముందు మేరీలాండ్ రాష్ట్రపు అంధ పాఠశాలలో పనిచేసిన రిచర్డ్ హూవర్ 1944లో అక్కడ పొడవైన, తేలికైన కర్రను తయారుచేయించి, తన కళ్లకు గంత కట్టుకొని తానే సాధన చేసినాడు. పద్ధతి చెప్పుటకు సులభం. కర్రను ఎదుట భుజాల వెడల్పున అర్ధచంద్రాకారంలో అటునిటు ఆడించవలెను. కుడికాలు ముందుకు పడునప్పుడు కర్రకొన ఎడమవైపు తాకవలెను, ఎడమకాలికి కుడివైపు. అనగా తరువాతి అడుగు పడవలసిన చోటును కర్ర ముందే తడవి చెబుతుంది. గొయ్యి, మెట్టు, రాయి, ఇసుక, అన్నీ రెండడుగుల ముందుగా చేతికి తెలియును. 1948లో చికాగో సమీపంలోని హైన్స్ ఆసుపత్రిలో ఈ విద్యకు ఒక కేంద్రం తెరచినారు. దాని అధిపతి రసెల్ విలియమ్స్ యుద్ధంలో చూపు కోల్పోయినవాడే.

కర్ర ఇచ్చుట వేరు, త్రోవ విడిచిపెట్టుట వేరు. ఈ రెండవదాన్ని విద్యగా మలచినది అయోవా రాష్ట్రం. 1958లో అక్కడి అంధుల కమిషనుకు కెన్నెత్ జెర్నిగన్ డైరెక్టరుగా వచ్చినాడు. పుట్టుకతో చూపు లేనివాడు, టెనెసీ పల్లెలో పెరిగినవాడు. డెమాయిన్ పట్టణంలో ఒక పాత భవనాన్ని కొని శిక్షణాలయం పెట్టినాడు. అక్కడికి వచ్చిన విద్యార్థులకు బ్రెయిల్, టైపు, వంట, వడ్రంగం, నడక నేర్పినారు. కొద్దిపాటి చూపున్నవారు కూడ కళ్లకు గంత కట్టుకొనియే నేర్చుకొనవలెను. విద్యుత్తుతో నడిచే రంపం వద్ద చేయి పెట్టించినారు, నిప్పుల మీద మాంసం కాల్పించినారు. కర్ర చేతికిచ్చి, ఊరిలో ఫలానా చోటికి పోయి రమ్మన్నారు. త్రోవ తప్పితే? తప్పవలసినదే. ఎండ ఏ చెంపకు తగులుతున్నది, బండ్ల రొద ఎటు నుండి ఎటు పోవుచున్నది, నేల వాలు ఎటు ఉన్నది అని తనను తాను ప్రశ్నించుకొని తిరిగి రావలెను. వెనుక దూరంగా వచ్చే ఉపాధ్యాయుడు జవాబు చెప్పడు. అతనికీ చూపు లేకపోవచ్చును.

పిల్లవానికి సైకిలు నేర్పిన తండ్రికి తెలియును, వెనుక పట్టుకొన్న చేతిని విడచుట ఎంత కష్టమో. నేర్చుకొనేవాని కన్న నేర్పేవానికే ఇది పెద్ద పరీక్ష. అయితే అయోవా పద్ధతిలో ఒక చిక్కు కూడ ఉన్నదని నా అభిప్రాయం. స్వతంత్రతను బలవంతంగా నేర్పుట ఎంతవరకు స్వతంత్రత? గంత కట్టుకొననన్న విద్యార్థి తన నిర్ణయాన్ని తాను చెప్పినట్లే గదా! భయం వలన వద్దనుట వేరు, రుచి చూసి వద్దనుట వేరు అని దీనికి సమాధానం చెప్పవచ్చును. అది సగం సమాధానమే. మిగిలిన సగం ఏ ఉపాధ్యాయుడైనా ఏ విద్యార్థికా విద్యార్థితో వెదకుకొనవలసినదే.

అంధుడైన న్యాయశాస్త్రాచార్యుడు జేకబస్ టెన్‌బ్రోక్ 1966లో ‘లోకంలో జీవించే హక్కు’ అనే అర్థం వచ్చే శీర్షికతో ఒక సుప్రసిద్ధ వ్యాసం వ్రాసినాడు. వీధిలో త్రవ్విన గోతిలో అంధుడు పడితే తప్పు ఎవరిదనే ప్రశ్నను అందులో చర్చించినాడు. ఇంటిలో కూర్చుండక ఎందుకు బయలుదేరినావు అని చట్టం అతనిని అడుగరాదన్నాడు. ఎంత తర్ఫీదు పొందినా, గోతికి కంచె వేయని ఊరిలో కర్ర ఒక్కటే ఏమి చేయగలదు?

మన దేశానికి వచ్చెదము. 1887లో అమృత్‌సర్‌లో, 1890లో తమిళదేశపు పాళయంకోట్టైలో మిషనరీ స్త్రీలు అంధ పాఠశాలలు స్థాపించినారు. పిల్లలకు చదువు దొరికినది. తరువాత ఏమి చేయవలెననే ప్రశ్నకు మాత్రం జవాబు చాలకాలం ముందే సిద్ధమైయుండేది. గొంతుంటే సంగీతం, లేకుంటే కుర్చీలకు బెత్తం అల్లిక. ఏది ఇష్టమని అడిగే ఆచారం అంతగా లేదు. లిపుల విషయంలో అమెరికా తగవే ఇక్కడ మరొక రూపంలో జరిగినది. ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క బ్రెయిల్ సంకేతం ఉండుట వలన ఒకచోటి పుస్తకం మరొకచోట పనికిరాదు. 1951లో భారతీయ భాషలన్నింటికీ ఉమ్మడిగా ‘భారతి బ్రెయిల్’ స్థిరపడినది. ఆ కృషిలో పాల్గొన్న సర్ క్లూథా మెకంజీ 1915లో గాలిపోలీ యుద్ధంలో చూపు పోగొట్టుకొన్న న్యూజీలాండు సైనికుడు. రెండవ యుద్ధంలో కన్నులు పోయిన భారతీయ సైనికుల కొరకు 1943లో డెహ్రాడూన్‌లో నెలకొల్పిన శిక్షణాలయానికి కూడ ఆయన సారథి.

మన లిపి ఆ చుక్కలలో ఎట్లుండునో శ్రోతలలో కొందరు తెలిసికొనగోరవచ్చును. ‘క’ అనే అక్షరానికి తెలుగులోను, హిందీలోను, తమిళంలోను ఒకటే గడి. ఎడమ వరుసలో పైచుక్క, క్రిందిచుక్క. గుణింతపు గుర్తులు హల్లు మీదికి ఎక్కవు, అచ్చు అక్షరాలుగా దాని తరువాత వరుసలో నిలుస్తవి. వత్తు అక్షరం క్రిందికి దిగదు. హల్లులకు ముందు ఒక చుక్క వచ్చి, వెనుక వచ్చే రెండు హల్లులు కలిసినవని చెబుతుంది. ‘తల్లి’ అని వ్రాయవలెనన్న అయిదు గడులు: త, కలిపే చుక్క, ల, ల, ఇ. కంటి అందం కొరకు పెట్టిన తలకట్టు ఇందులో లేదు. తెలుగు పిల్లవాడు కూవ్రే పిల్లవాని ఆరు చుక్కలతోనే అమ్మ పేరు వ్రాసికొనుచున్నాడు.

1996లో అమెరికా విద్యావేత్త ఫిలిప్ హాట్లెన్ ఒక మాట స్పష్టంగా చెప్పినాడు. చూపున్న పిల్లలు చూసి అప్రయత్నంగా నేర్చుకొనేవాటిని చూపు లేని పిల్లలకు బుద్ధిపూర్వకంగా నేర్పవలెను. అందుకు లెక్కలు, చరిత్రలతో పాటు మరికొన్ని పాఠ్యాంశాలు అవసరమన్నాడు. ఆయన మొదటి పట్టికలో బ్రెయిల్, నడక, ఇంటిపని, వృత్తి మొదలైన ఎనిమిది ఉండెను. తొమ్మిదవదిగా ‘స్వయంనిర్ణయం’ తరువాత చేరినది. చివరకు చేరినదైనా తక్కిన ఎనిమిదింటికీ అది ఆధారమని నాకు తోచును. తరగతిలో దీనిని చిన్న చిన్న పనులతో ఆరంభించుదురు. నీ కంటి జబ్బు పేరేమి, దాని వలన నీకేమి కనబడును, ఏమి కనబడదు, దీనిని క్రొత్త ఉపాధ్యాయునికి నీవే రెండు నిమిషాలలో చెప్పు అని అడుగుదురు. పెద్ద అక్షరాలు కావలెనా, బ్రెయిల్ కావలెనా, చదివి వినిపించే యంత్రం కావలెనా అని అడిగి, ఎంచుకొన్నదానికి కారణం కూడ చెప్పమందురు. వీధి దాటించెదనని చేయి పట్టిన పెద్దమనిషికి నొప్పి కలుగకుండ ‘వద్దు’ చెప్పుట కూడ ఒక పాఠమే. చెప్పుకొనునంత సులభం కాదది. మన ఇండ్లలో చూపున్న పిల్లలకే ‘వద్దు’ అనే మాటను మనమెంతమాత్రం నేర్పినాము?

పరీక్షల వేళ ఈ విద్య విలువ తెలియును. మన దేశంలో అంధ విద్యార్థి నోటితో చెప్పగా మరొకరు వ్రాసే పద్ధతి, అనగా స్క్రైబు ఏర్పాటు, చాల ఏండ్లుగా ఉన్నది. ఆ వ్రాసేవారిని ఎవరు ఎన్నుకొనవలెను? 2013 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం ప్రకటించిన నియమావళి ప్రకారం, స్క్రైబును తానే తెచ్చుకొనుటయో, పరీక్షాధికారులను అడుగుటయో విద్యార్థి ఇష్టమై ఉండెను. గంటకు 20 నిమిషాలకు తగ్గకుండ అదనపు సమయం కూడ ఇవ్వవలెను. నియమం హక్కు ఇచ్చినది. హక్కును వాడుకొనుట నేర్చుకొనవలసినదే. ‘ఇక్కడ క్రొత్త పేరా’, ‘ఆ వాక్యం మళ్లీ చదవండి’, ‘అది నేను చెప్పిన మాట కాదు, కొట్టివేయండి’ అని పరీక్షాశాలలో, గడియారం నడుస్తుండగా, తనకన్న పెద్దవారితో చెప్పగలుగుటకు ఎన్ని నెలల సాధన కావలెనో ఆలోచించండి.

మచిలీపట్నం సమీపపు సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ హైదరాబాదులో పదవ తరగతి ముగించి, సైన్సు చదివెదనన్నాడు. చూపు లేనివారికి ఆ చదువు కుదరదన్నారు. మార్గం చూపుటకు ఒక ఉపాధ్యాయురాలు తోడు నిలువగా, అతడు న్యాయస్థానానికి పోయినాడు. దాదాపు ఆరు నెలల తరువాత, ‘నీ పూచీ మీద చదువుకొనవచ్చును’ అని అనుమతి వచ్చినది. పాఠాలను వినికిడి రూపంలోనికి మార్పించుకొని చదివినాడు, పిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చదివి వచ్చి 2012లో పరిశ్రమ స్థాపించినాడు. ఆ విజయాలను పత్రికలు బాగా వ్రాసినవి. నా మనసు ‘నీ పూచీ మీద’ అనే మాట దగ్గర నిలిచినది. హెచ్చరికగా అన్నారో ఏమో! ఆ కుర్రవాడు అడిగినది సరిగా అదే.

మొన్నటి వేసవిలో ఆ గాయకుడు మళ్లీ మా స్టూడియోకు వచ్చినారు. ఈమారు తమ్ముడు వెంట లేడు, కర్ర ఉన్నది. కాఫీ వేళ వారినే అడిగినాను. “చక్కెర మానమని డాక్టరు గట్టిగా చెప్పినారండీ” అని క్షణం ఆగి, “అర చెంచా వేయించండి” అన్నారు. వేయించినాను.